కృతికర్త, కృతిపతి: ఆన్‌లైన్ పాఠం ఎవరిది?

తరగతిలో చెప్పిన పాఠం గంట కొట్టగానే ముగిసి, విన్నవారి మనస్సుల్లో మాత్రమే మిగిలినంత కాలం అది ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు తావు లేకపోయింది. అదే పాఠాన్ని కెమెరా ముందు చెప్పి, స్లైడులు, నోట్సు, ప్రశ్నల నిధి జతచేసి విశ్వవిద్యాలయపు సర్వరులో చేర్చినప్పుడు, చెప్పినవారు అక్కడ లేకపోయినా, ఉద్యోగం వదిలి వెళ్లినా, చివరకు లోకాన్నే విడిచినా మళ్లీ మళ్లీ వినిపించే వస్తువుగా అది మారుతుంది. వస్తువు కాగానే దానికి యజమాని ఎవరు, దాన్ని మార్చే అధికారం ఎవరిది, అమ్మడానికి గాని ఆపివేయడానికి గాని ఎవరి అనుమతి కావాలి అన్న ప్రశ్నలు వరుసగా ఎదురవుతాయి. చట్టం వీటికి తనదైన సమాధానం ఇస్తుంది. అయితే ఆ సమాధానం న్యాయమైనదా కాదా అని తేల్చుకోవాలంటే విద్య అంటే ఏమిటి, దాన్ని ఇవ్వడం అంటే ఏమిటి, ఇచ్చిన తరువాత ఇచ్చినవారికి మిగిలేది ఏమిటి అన్న తాత్త్విక విచారణ తప్పదు.

ఈ విచారణ మహానగరాల విద్యాసంస్థలకే చెందింది కాదు. నేడు సోమందేపల్లి వంటి చిన్న ఊళ్లో ఉండి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కళాశాలల్లో ఎక్కడ డిగ్రీ చదువుతున్నా, అక్కడ ఒక విషయం చెప్పేవారు లేనప్పుడు ఆ విషయంలో పేరున్న ఐఐటీ ఆచార్యుని పాఠాన్ని విద్యార్థి ఫోనులోనే వినగలుగుతున్నాడు. ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్, కేంద్ర ప్రభుత్వం 2017 జూలై 9న ప్రారంభించిన స్వయం ఇందుకు ముఖ్య సాధనాలు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2016 నిబంధనల్లో ఒక సెమిస్టరు కోర్సుల్లో 20 శాతం వరకు స్వయం ద్వారా పూర్తిచేయడానికి అనుమతించి, 2021లో ఆ పరిమితిని 40 శాతానికి పెంచింది. తెలుగునాట దీనికి ముందే ఒక నాంది ఉంది: దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1982లో హైదరాబాదులో ఏర్పడినప్పుడే, ఒక ఆచార్యుడు రాసిన పాఠం ఆయన ముఖం ఎన్నడూ చూడని వారికి ఆయన బదులు బోధించడం మొదలైంది.

ఈ వ్యాసం ప్రతిపాదించే సిద్ధాంతం ఇది: విద్య ఎవరి సొత్తూ కాదు, కాకూడదు, కాని ఆ విద్యను ఒక అధ్యాపకుడు తన మాటగా చెప్పినప్పుడు ఆ మాటకు ఆయన జవాబుదారు అవుతాడు, ఆ జవాబుదారీ ఉన్నంత మేరకు దానిపై ఆయనకు అధికారం ఉండితీరాలి. సంస్థకు ఆ బోధను భద్రపరిచే హక్కు, పంచే హక్కు రావచ్చు. దానికి కర్తగా నిలిచే హక్కు మాత్రం ఎంత జీతం ఇచ్చినా రాదు.

విద్యాదానంలోని చిక్కు

ధర్మశాస్త్రం దానాన్ని చాలా నిక్కచ్చిగా నిర్వచించింది. ఇచ్చేవానికి వస్తువుపై ఉన్న స్వత్వం, అంటే ‘ఇది నాది’ అనిపించే యాజమాన్య సంబంధం, తొలగిపోవాలి. పుచ్చుకునేవానికి అదే సంబంధం కలగాలి. ఆవును దానం చేసినవాడు మరునాడు ఆ పాలు పితుకుకోలేడు, భూమిని ధారపోసినవాడు ఆ పంట కోసుకోలేడు. గోదానం, భూదానాలతో పాటు విద్యాదానాన్ని కూడా అతిదానాలుగా, అంటే తక్కిన దానాలన్నింటినీ మించినవిగా, సంప్రదాయం లెక్కించింది గాని, మొదటి రెండింటికీ చక్కగా అమరిన నిర్వచనం మూడవదానికి అమరదు. విద్య ఇచ్చినవానికి విద్య తరగదు. అతని స్వత్వం తొలగిపోకుండానే శిష్యునికి విద్య సంక్రమిస్తుంది. ఇచ్చినకొద్దీ పెరిగే ధనమని విద్యను నీతికారులు ఏకకంఠంతో మెచ్చుకున్నది ఈ గుణాన్నే.

నిబంధకారులు, అంటే ధర్మశాస్త్ర వచనాలను విషయాల వారీగా కూర్చి వ్యాఖ్యానించిన పండితులు, ఈ చిక్కును ఆచరణలో ఒక దారిన పరిష్కరించారు. 12వ శతాబ్దికి చెందిన లక్ష్మీధరుడు, 13వ శతాబ్దికి చెందిన హేమాద్రి తమ దానప్రకరణాల్లో విద్యాదానాన్ని వివరిస్తూ పుస్తకదానానికి పెద్దపీట వేశారు: గ్రంథానికి ప్రతి రాయించి దేవాలయానికో, మఠానికో, చదవగలిగినవారికో సమర్పించడం. తాళపత్ర ప్రతి ఆవులాగే చేతులు మారగల వస్తువు గనుక దాన నిర్వచనానికి అది లొంగుతుంది. ఆ ప్రతి ఎవరికి చేరినా అందులోని విద్య మాత్రం చదివి, చెప్పించుకుని, సందేహం తీర్చుకుంటే గాని పట్టుబడదని అదే సంప్రదాయం గట్టిగా నమ్మింది. రాతప్రతి చూసి వేదం చదివేవాణ్ణి శిక్షాగ్రంథాలు, అంటే ఉచ్చారణ శాస్త్రాలు, అధమ పాఠకుల జాబితాలో చేర్చడం ఆ నమ్మకానికి గుర్తు.

ఆన్‌లైన్ పాఠం ఈ రెండు కోవల నడుమ నిలుస్తుంది. చేతులు మారుతుంది, నకలు తీయవచ్చు, అమ్మవచ్చు గనుక అది పుస్తకం వంటిది. అధ్యాపకుని గొంతు, ముఖం, ఉదాహరణ ఎంచుకునే తీరు, ఒక చోట ఆగి మళ్లీ చెప్పే ఓర్పు అందులో ఉన్నాయి గనుక అది బోధ కూడా. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి విద్యను రెండు అక్షరాల కలయికతో పోల్చి వివరిస్తుంది: ముందున్న రూపం ఆచార్యుడు, తరువాతి రూపం శిష్యుడు, వారి కలయికలో పుట్టేది విద్య, ఆ కలయికను సాధించే క్రియ ప్రవచనం, అంటే నోటితో చెప్పడం. ఈ దృష్టితో చూస్తే విద్యాలయం స్వాధీనంలో ఉన్న వీడియో విద్య కాదు. విద్య పుట్టడానికి కావలసిన అంశాల్లో ఒక్కటైన ప్రవచనానికి పట్టి ఉంచిన నకలు. ఆ నకలుకు యజమాని కావచ్చు గాని, అంతమాత్రాన పూర్వరూపమైన ఆచార్యుని స్థానాన్ని ఎవరూ ఆక్రమించలేరు.

యాజ్ఞవల్క్యుడు కక్కిన వేదం

బోధించిన విద్యను తిరిగి అడగవచ్చా అన్న ప్రశ్నను పురాణాలు సూటిగానే ఎదుర్కొన్నాయి. విష్ణుపురాణం చెప్పే కథ ప్రకారం వైశంపాయనునికి అనుకోకుండా ఒక పాపం తగిలినప్పుడు, దానికి ప్రాయశ్చిత్తం శిష్యులంతా కలిసి చేయాలని ఆయన కోరాడు. యాజ్ఞవల్క్యుడు తక్కిన శిష్యులను అల్పతేజస్కులని తీసివేసి, తానొక్కడే ఆ వ్రతం చేస్తానన్నాడు. తోటివారిని కించపరిచిన ఆ మాటకు గురువు ఆగ్రహించి, తన వద్ద నేర్చినదంతా విడిచిపెట్టి పొమ్మన్నాడు. యాజ్ఞవల్క్యుడు తాను నేర్చిన యజుస్సులను నెత్తురు అంటినవిగా కక్కి వెళ్లిపోయాడు. తక్కిన శిష్యులు తిత్తిరి పక్షులై వాటిని ఏరుకున్నారు. అలా తైత్తిరీయ శాఖ ఏర్పడింది. యాజ్ఞవల్క్యుడు సూర్యుణ్ణి ఉపాసించి, తన గురువుకు సైతం తెలియని యజుస్సులను పొందాడు; అవే శుక్లయజుర్వేదంగా వెలిశాయి. తెలుగునాట వైదికుల్లో అత్యధికులు అధ్యయనం చేసేది ఆ పక్షులు ఏరుకున్న శాఖనే కాబట్టి ఈ కథ ఇక్కడివారికి పరాయిది కాదు.

ఈ కథలో మూడు సంగతులు నేటి వివాదానికి నేరుగా తగులుతాయి. గురువు తిరిగి అడిగింది ఆస్తిహక్కుతో కాదు, శిష్యుని నడవడి చెడిందన్న కారణంతో. అంటే బోధపై అధికారమన్నది గురుశిష్యుల ధర్మం నుంచి పుట్టిందే గాని స్వత్వం నుంచి పుట్టలేదు. ఇక, ఒకసారి బయటికి వచ్చిన విద్య గురువు చేతికీ తిరిగి రాలేదు, శిష్యుని వద్దా నిలువలేదు. ఎవరు శ్రద్ధతో ఏరుకున్నారో వారిది అయి, వారి పేరే ధరించింది. అన్నింటికంటే ముఖ్యమైనది చివరి సంగతి: నేర్చినదంతా పోగొట్టుకున్న యాజ్ఞవల్క్యుడు మళ్లీ కొత్తగా సంపాదించగలిగాడు. రికార్డింగులన్నీ సంస్థకే వదిలి వెళ్లవలసివచ్చిన ఆచార్యుని వద్ద పాఠాన్ని మరల సృష్టించే శక్తి మిగిలే ఉంటుంది. సంస్థ వద్ద మిగిలేది నాటికి నాడు ఆగిపోయిన రూపం. అందుకే ఈ వివాదంలో అసలు ప్రశ్న ఆ రూపం ఎవరి వద్ద ఉండాలన్నది కాదు, అది ఎవరి పేరుతో, ఎవరి సమ్మతితో మాట్లాడాలన్నది.

జీతం కొన్నది ఏమిటి

సంస్థ వాదం సులభంగా కొట్టివేయదగినది కాదు. స్టూడియో, కెమెరా, సర్వరు, సాంకేతిక సిబ్బంది సంస్థవి. అన్నిటికీ మించి అధ్యాపకుని జీతం సంస్థ ఇస్తుంది. కాబట్టి పని ఫలం సంస్థదే అని అది అంటుంది. జీతానికీ బోధకూ ఉన్న సంబంధంపై ధర్మశాస్త్రం తొలినుంచీ ఇబ్బంది పడింది. ఇంత ఇస్తే చెబుతానని ముందుగా బేరం కుదుర్చుకుని వేదం చెప్పేవాణ్ణి భృతకాధ్యాపకుడు అంటారు. మనుస్మృతి అతణ్ణీ, అలా కూలి ఇచ్చి చదివినవాణ్ణీ కూడా శ్రాద్ధభోజనానికి తగనివారిగా పేర్కొన్నది. చదువు ముగిశాక శిష్యుడు శక్తికొద్దీ ఇచ్చే దక్షిణలో మాత్రం దోషం చూడలేదు. ఈ భేదం వెనుక ఒక ఆలోచన ఉంది: బోధకు పోషణ కావాలి, ధర ఉండకూడదు. పుట్టపర్తిలో 1981లో ఏర్పడిన శ్రీ సత్యసాయి ఉన్నత విద్యాసంస్థ విద్యార్థుల నుంచి రుసుము తీసుకోకుండా చదువు చెప్పడం ఈ ప్రాంతంలో ఆ ఆలోచనకు ఆధునిక రూపం. ఆ దృష్టితో చూస్తే జీతం అధ్యాపకుని జీవనానికి ఆధారమే గాని, ఆయన మాటకు కట్టిన వెల కాదు.

అయితే ఖర్చు పెట్టినవారికి ఫలంలో వాటా ఉండదా అన్న ప్రశ్న మిగులుతుంది. హిందూ న్యాయశాస్త్రం సరిగ్గా ఇదే ప్రశ్నను విద్యాధనం పేరుతో, అంటే చదువు వల్ల సంపాదించిన ధనం పేరుతో, శతాబ్దాల పాటు చర్చించింది. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర, దాన్ని 13వ శతాబ్దిలో కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చిన విజ్ఞానేశ్వరీయం ఈ చర్చకు ఆకరాలు. పిత్రార్జితానికి నష్టం కలగకుండా చదువుకుని సంపాదించినది ఆ వ్యక్తి సొంతమని, కుటుంబ ధనంతో చదివిన చదువుకు వచ్చిన ఫలం మాత్రం ఉమ్మడి ఆస్తి అని న్యాయస్థానాలు దీన్నుంచి తీర్పులు చెప్పాయి. 1921లో గోకుల్ చంద్ వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్, కుటుంబ ఖర్చుతో చదివి ఐ.సి.ఎస్. ఉద్యోగం పొందినవాని ఆర్జనను కూడా ఉమ్మడి ఆస్తిగానే పరిగణించింది. ఆ తీర్పు కలిగించిన అన్యాయాన్ని సరిదిద్దడానికే 1930లో హిందూ విద్యార్జన చట్టం వచ్చింది. చదువుకు ఎవరు ఖర్చు పెట్టినా, ఆ చదువు వల్ల ఆర్జించినది చదివినవానిదేనని అది తేల్చింది. ఒకరి బుద్ధిలో ఒదిగిన విద్యపై, దానికి డబ్బు పెట్టామన్న ఒక్క కారణంతో తండ్రికీ అన్నదమ్ములకూ హక్కు ఉండదని ఒప్పుకున్న సమాజం, అదే కారణంతో ఒక కార్యాలయానికి ఆ హక్కు ఉందని ఒప్పుకోవడం పొసగదు.

సోమందేపల్లి, ధర్మవరం ప్రాంతపు పట్టు మగ్గాల పని ఈ భేదాన్ని మరింత విశదం చేస్తుంది. షావుకారు ఇచ్చిన పట్టునూలు, జరీతో చీర నేసి మజూరి తీసుకున్న నేతకారుడు ఆ చీరపై హక్కు చెప్పడు. సరుకు షావుకారుది, మజూరి ముట్టింది, చీర అంగడికి పోతుంది. చీర కట్టుకున్నవారు నేసినవానిని వెదకి, ఈ పోగు ఇక్కడ ఎందుకు వేశావని అడగరు. పాఠం విన్న విద్యార్థి అడుగుతాడు, అడగాలి కూడా. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది పాఠం చెప్పినవారే. పాఠంలో తప్పు ఉంటే అపకీర్తి కూడా వారిదే. చేసినవానిని విడిచి వెళ్లగల పనికి మజూరి పూర్తి చెల్లింపు అవుతుంది. చేసినవాని పేరుతో, గొంతుతో మాట్లాడుతూనే ఉండే పనికి మజూరి ఒక్కటే చెల్లింపు కాలేదు.

ఒకే పాఠంలో చట్టం చూసే పొరలు

భారతదేశపు 1957 కాపీరైట్ చట్టాన్ని పైపైన చూస్తే అది సంస్థ పక్షాన ఉన్నట్టు కనిపిస్తుంది. ఉద్యోగ ధర్మంలో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేనప్పుడు, యజమానే తొలి హక్కుదారు అని 17వ సెక్షన్‌లోని (సి) ఖండం చెబుతుంది. దృశ్యరికార్డింగును చట్టం సినిమాగా పరిగణిస్తుంది, సినిమాకు కర్త నిర్మాత. కాబట్టి వీడియోను తీయించిన సంస్థ దానికి కర్తగా కూడా నిలబడగలదు. కాని అదే సెక్షన్‌లోని మరొక ఖండం, బహిరంగంగా చేసిన ప్రసంగానికి, దాన్ని ఏర్పాటు చేసింది ఆ వ్యక్తికి ఉద్యోగమిచ్చిన యజమానే అయినప్పటికీ, ప్రసంగించినవారే తొలి హక్కుదారు అంటుంది. ప్రదర్శకులు ఎవరో నిర్వచించే జాబితాలో నటులు, గాయకులు, పాములవాళ్లతో పాటు ఉపన్యాసం ఇచ్చేవారినీ చట్టం చేర్చింది. 2012 సవరణ ప్రదర్శకులకు తమ పేరు చెప్పుకునే హక్కును, తమ ప్రదర్శనను వికృతం చేయకుండా అడ్డుకునే హక్కును ఇచ్చింది. ఇక 57వ సెక్షన్ కర్తకు ఇచ్చే ప్రత్యేక హక్కులు, అంటే నైతిక హక్కులు, కాపీరైట్‌తో సంబంధం లేనివి. కాపీరైట్ అమ్ముకున్న తరువాత కూడా రచనకు కర్త తానని చెప్పుకునే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా దాన్ని మార్చడాన్ని ఎదిరించే హక్కు కర్త వద్దే ఉంటాయి. రాసుకున్న పాఠం, చెప్పిన తీరు, తీసిన వీడియో అనే మూడు పొరలను చట్టం విడివిడిగా చూస్తోంది. సంస్థకు దక్కగలిగినవన్నీ దక్కిన తరువాత కూడా అధ్యాపకుని వద్ద ఏదో మిగిలిందని అది స్వయంగా ఒప్పుకుంటోంది.

ఆ మిగిలినది ఏమిటో ఐరోపా తత్త్వచింతన మరొక దారిన చెప్పింది. 1785లో ఇమ్మాన్యుయేల్ కాంట్ అనుమతి లేని పునర్ముద్రణపై రాసిన వ్యాసంలో, పుస్తకమంటే రచయిత పాఠకులతో మాట్లాడే మాట అని, ప్రచురణకర్త ఆ మాటను రచయిత పక్షాన చేరవేసేవాడని, అనుమతి లేనివాడు రచయిత చేత బలవంతంగా మాట్లాడించినట్టు అవుతుందని వాదించాడు. ఇది వస్తువుపై హక్కును గురించిన వాదం కాదు, వ్యక్తిపై వ్యక్తికి ఉన్న హక్కును గురించినది. నూరేళ్ల తరువాత, 1887లో, బ్రిటన్ ప్రభువుల సభ ఇటువంటి వ్యాజ్యాన్నే తేల్చవలసివచ్చింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో నీతిశాస్త్రాచార్యుడు ఎడ్వర్డ్ కేర్డ్ తరగతిలో చెప్పిన పాఠాలను ఒక పుస్తక విక్రేత అచ్చువేసి అమ్మగా, తరగతిలో విద్యార్థులకు చెప్పినంత మాత్రాన పాఠం లోకమంతటికీ విడిచిపెట్టినట్టు కాదని, దాని ప్రచురణను ఆపే అధికారం ఆచార్యునికి ఉందని సభ తీర్పునిచ్చింది. విద్యార్థితో మాట్లాడడం, బజారుతో మాట్లాడడం రెండూ వేరని, ఎవరితో మాట్లాడాలన్నది మాట్లాడేవారే నిర్ణయించుకోవాలని ఆ తీర్పు సారం.

కర్తృత్వం, పతిత్వం

తెలుగు కావ్యసంప్రదాయానికి ఈ భేదం పరాయి దేశపు న్యాయస్థానాలు నేర్పవలసింది కాదు. కావ్యాన్ని రచించినవాడు కృతికర్త. దాన్ని అంకితం పుచ్చుకున్నవాడు కృతిపతి. కావ్యాన్ని కన్యగా, అంకితాన్ని వివాహంగా భావించిన ఈ సంప్రదాయంలో కృతిపతి కవిని పోషిస్తాడు, కావ్యానికి రక్షణ, ప్రచారం కల్పిస్తాడు, అవతారికలో తన వంశకీర్తనను పొందుతాడు. కాని కావ్యంలోని ఒక పద్యాన్నైనా తన రచనగా చెప్పుకోడు. కేతన దశకుమారచరిత్రకు తిక్కన కృతిపతి. అదే తిక్కన తన భారతానికి కర్త అయి హరిహరనాథుణ్ణి పతిగా ఎంచుకున్నాడు. కృష్ణదేవరాయలు పెద్దన మనుచరిత్రకు కృతిపతి, తన ఆముక్తమాల్యదకు కృతికర్త. ఆ కావ్యాన్ని ఆయన వేంకటేశ్వరునికి అంకితమిచ్చాడు. తరువాతి కాలంలో పెనుకొండ రాజధానిగా కూడా వెలిగిన ఆ సామ్రాజ్యపు చక్రవర్తి, మనుచరిత్రపై తన పతిత్వం కర్తృత్వం కాదని ఎరిగినవాడే. అంకితం ఎవరికివ్వాలో తేల్చుకునే స్వాతంత్ర్యం కవిది కావడం ఈ ఏర్పాటుకు ప్రాణం. పోతన భాగవతాన్ని రాజుకు కాక రాముడికి సమర్పించిన ఉదంతాన్ని తెలుగువారు ఇన్ని తరాలుగా తలచుకోవడం ఆ స్వాతంత్ర్యంపై గౌరవంతోనే.

కర్త పేరు మరుగునపడితే ఏమవుతుందో హిందూపురానికి దగ్గరలోని లేపాక్షి చూపుతుంది. వీరభద్రాలయం కప్పుపై చిత్రాలు గీయించిన విరూపణ్ణ, అతని సోదరుడు ఆ చిత్రాల్లోనే కొలువుదీరి ఉన్నారు. కట్టించినవారి పేర్లు లోకానికి తెలుసు. ఆ రేఖలు తీసిన చిత్రకారులు మాత్రం పేరు లేకుండానే మిగిలిపోయారు. ఆ కాలపు పద్ధతి అది. దాన్ని తప్పుపట్టనవసరం లేదు గాని అనుకరించనవసరమూ లేదు. ఈ కాలపు న్యాయం మారిందనడానికి సాక్ష్యం కూడా ఉంది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ దిల్లీ విజ్ఞాన్ భవన్‌కు చేసిచ్చిన కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం 1979లో తొలగించి పాడుపెట్టగా, శిల్పం ప్రభుత్వ ఆస్తి అయినా దాని అఖండత కర్త హక్కులో భాగమని దిల్లీ హైకోర్టు 2005లో తీర్పునిచ్చి, మిగిలిన భాగాలను శిల్పికి తిరిగి ఇప్పించి, 5 లక్షల రూపాయల పరిహారం విధించింది.

పేరు మిగిలి, అఖండత పోయినా నష్టమే. లేపాక్షి ఉన్న జిల్లాలోనే కదిరి సమీపాన కటారుపల్లిలో సమాధి ఉన్నదని ప్రజలు కొలిచే వేమన పద్యాలపై ఎవరూ హక్కు చెప్పలేదు; అందుకే అవి నోటినోటా సాగి ఊరూరికీ చేరాయి, ప్రజల భాషలో భాగమయ్యాయి. ఆ స్వేచ్ఛ ఇచ్చిన మేలు వెలకట్టలేనిది. కాని వేమన మకుటం తగిలించి ఎవరికి తోచిన పద్యం వారు చెప్పి వేమన పేర చలామణి చేయడంతో, సి.పి. బ్రౌన్ 1829లో సంకలనం అచ్చువేసిన నాటి నుంచి నేటి వరకు ఏది వేమనది, ఏది కాదు అని తేల్చడం పండితులకు సాధ్యపడలేదు. వేమన ఎన్నడూ అనని మాటలకు వేమన జవాబుదారు కావలసివచ్చింది. ఆన్‌లైన్ పాఠానికి ఈ ప్రమాదం ఎన్నో రెట్లు పెద్దది: కొంత కత్తిరించి, కొంత అతికించి, చివరకు అధ్యాపకుని గొంతును యంత్రం చేత అనుకరింపజేసి, ఆయన చెప్పని పాఠాన్ని ఆయన ముఖంతోనే చెప్పించడం ఇప్పుడు సాంకేతికంగా సాధ్యం.

పిడికిలి విప్పిన బోధ

ఇంతదాకా చెప్పినదానిపై ఒక బలమైన ఆక్షేపణ ఉంది. అధ్యాపకునికి ఇన్ని అధికారాలు ఇస్తే ఆయన పాఠానికి తాళం వేసుకుని కూర్చోవచ్చు. అప్పుడు నష్టపోయేది మారుమూల విద్యార్థే. ఈ ఆక్షేపణకు జవాబు బుద్ధుని చివరి రోజులను వర్ణించే మహాపరినిబ్బాన సుత్తంలో ఉంది. తన బోధలో ఆచార్యుని పిడికిలి లేదని, అంటే శిష్యులకు చెప్పకుండా దాచుకున్నది ఏదీ లేదని, ఆయన ఆనందునితో అన్నాడు. వైదిక సంప్రదాయం చెప్పే ఋషిఋణం కూడా ఇటువైపే చూపుతుంది: బ్రాహ్మణుడు పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితృదేవతలకు ఋణపడి ఉంటాడని, ఋషుల ఋణం చదువుతో తీరుతుందని తైత్తిరీయ సంహిత భావన. ఏ అధ్యాపకుడైనా చెప్పే పాఠంలో అధిక భాగం ముందుతరాల నుంచి అందుకున్నదే గనుక, దాన్ని విద్యార్థికి అందకుండా బిగబట్టే హక్కు ఆయనకు లేదు.

కాబట్టి అధ్యాపకుని అధికారం సంస్థకు, వ్యాపారికి ఎదురుగా నిలవాలి. విద్యార్థికి ఎదురుగా నిలవకూడదు. ఈ రెండూ కలిసి సాగగలవని లోకం ఇప్పటికే చూపింది. అమెరికాలోని ఎంఐటీ 2001లో తన పాఠ్యసామగ్రిని అందరికీ ఉచితంగా తెరుస్తానని ప్రకటించి, కర్త పేరు చెప్పాలని, వ్యాపారానికి వాడరాదని షరతులతో క్రియేటివ్ కామన్స్ అనుమతి కింద ఉంచింది. క్రియేటివ్ కామన్స్ అంటే కాపీరైట్ వదులుకోకుండానే, ఏయే షరతులతో ఎవరైనా వాడుకోవచ్చో కర్త ముందుగా ప్రకటించే పద్ధతి. ఎన్‌పీటెల్ కూడా ఆ కోవలోని అనుమతినే ఎంచుకుంది. విద్యార్థి అవసరానికి న్యాయస్థానాలు కూడా పెద్దపీట వేశాయి: దిల్లీ విశ్వవిద్యాలయం వద్ద పాఠ్యభాగాల జిరాక్సు ప్రతులపై ప్రచురణ సంస్థలు వేసిన దావాలో, బోధనలో భాగంగా తీసే నకళ్లకు చట్టం ఇచ్చిన మినహాయింపును దిల్లీ హైకోర్టు 2016లో సమర్థించింది.

పాఠాన్ని వస్తువుగా మాత్రమే చూస్తే విద్యార్థికే అన్యాయం జరుగుతుందనడానికి 2021 జనవరిలో కెనడాలో వెలుగుచూసిన ఉదంతం నిదర్శనం. మాంట్రియల్‌లోని కాంకార్డియా విశ్వవిద్యాలయంలో కెనడా కళాచరిత్ర ఆన్‌లైన్ కోర్సు తీసుకున్న ఒక విద్యార్థి, వీడియోలో తనకు బోధిస్తున్న ఆచార్యుడు ఫ్రాంస్వా-మార్క్ గాన్యోకు రాద్దామని వివరాలు వెదికితే, ఆయన 2019లోనే కన్నుమూశారని తెలిసింది. మరణించిన పండితుని గొంతు వినడంలో దోషం లేదు. అన్ని గ్రంథాలూ ఒక విధంగా అటువంటివే. ఆయన జీవించి ఉన్నారని విద్యార్థి అనుకునేలా, ప్రశ్న అడిగితే పలుకుతారని నమ్మేలా కోర్సు నడవడంలో దోషం ఉంది. స్వయం వేదిక ప్రతి కోర్సుకు నాలుగు భాగాలు ఉండాలని నిర్దేశించింది: వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, సందేహాల చర్చ, స్వీయ పరీక్ష. మూడవ భాగం లేకపోతే మొదటి భాగం పాఠం కాదని ఆ నిర్దేశంలోనే అంగీకారం ఉంది. సందేహం తీర్చవలసిన మనిషిని తొలగించి వీడియోను మాత్రం ఉంచుకున్న సంస్థ, నాలుగింటిలో తనకు ఖర్చు లేనిదాన్నే ఉంచుకున్నట్టు.

జవాబుదారీ వెంట నడిచే హక్కు

ఈ విచారణ నుంచి ముగ్గురికీ కర్తవ్యాలు తేలుతున్నాయి. సంస్థ తనను కృతిపతిగా గుర్తించుకోవాలి: రికార్డింగుకు ముందే రాతపూర్వక ఒప్పందం చేసుకోవడం, ప్రతి పాఠంపై చెప్పినవారి పేరు, చెప్పిన సంవత్సరం చూపడం, సమ్మతి లేకుండా పాఠాన్ని మార్చకపోవడం, మూడవ వ్యక్తికి అమ్మకపోవడం, గొంతును గాని ముఖాన్ని గాని యంత్రంతో అనుకరింపజేయకపోవడం దాని ధర్మం. పెట్టిన ఖర్చుకు ప్రతిఫలంగా, అధ్యాపకుడు వెళ్లిపోయిన తరువాత కూడా నిర్ణీత కాలం ఆ పాఠాన్ని తన విద్యార్థులకు చూపే హక్కు దానికి ఉండడం న్యాయమే. అధ్యాపకుడు కృతికర్తగా ఆ పాఠాన్ని కాలానుగుణంగా సరిదిద్దాలి, తప్పు తేలితే ఉపసంహరించాలి, తన గురువుల ఋణాన్ని, ఆధారాలను పేర్కొనాలి, విద్యార్థికి దాన్ని తెరిచి ఉంచాలి. విద్యార్థి తాను విన్నదాన్ని ఇతరులకు చెప్పేటప్పుడు మూలకర్తను తలచుకోవాలి, సందేహం వచ్చినచోట వీడియోతో సరిపెట్టుకోక మనిషిని వెదకి అడగాలి.

నేటి చట్టంలో ఒక వెలితి ఉంది. పేరును, అఖండతను కాపాడే 57వ సెక్షన్, పాతబడిన పాఠాన్ని సరిదిద్దే లేదా ఉపసంహరించే హక్కును స్పష్టంగా ఇవ్వలేదు; ఆ హక్కు ఒప్పందాల ద్వారానైనా, విశ్వవిద్యాలయ నిబంధనల ద్వారానైనా అధ్యాపకులకు దక్కాలి. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వంటి సంస్థలు, వాటి పరిధిలోని కళాశాలలు తమ పాఠాలను ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడే ఈ నియమాన్ని రాసుకుంటే, వివాదం వచ్చిన తరువాత న్యాయస్థానాల మెట్లెక్కవలసిన అవసరం తప్పుతుంది. విద్యపై స్వామ్యం ఎవరికీ లేదన్న పాత సత్యం, బోధపై అధికారం బోధకుడిదన్న ఈ నియమంతో విరోధించదు. ఎందుకంటే ఆ అధికారం ఆస్తి నుంచి పుట్టలేదు, విద్యార్థి అడిగే ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత నుంచి పుట్టింది. ఆ జవాబు చెప్పడానికి ఎవరు సిద్ధంగా నిలుస్తారో, పాఠంపై చివరి మాట వారిదే కావాలి.